గాజుపెట్టెలో తోలుతిత్తి

తోలు మ్యూజియంలో మూడో గదికి కాపలా ఆయన. అందరూ తిత్తులాయన అంటారు. నీళ్లు మోసే తోలుతిత్తులు కుట్టిన కుటుంబం వాళ్లది. ప్లాస్టిక్ డబ్బాలొచ్చాక తిత్తి కావాలని అడిగేవాడే లేకుండా పోయాడు. కొన్నాళ్లు చెప్పులు కుట్టి, కొన్నాళ్లు ఖాళీగా తిరిగి, చివరికి ఆ గదిలో కుర్చీకి అతుక్కుపోయాడు. వచ్చినవాళ్లకు ముట్టుకోవద్దని చెప్పడమే ఉద్యోగం. జన్మంతా తోలు పిసికినవాడు ఇప్పుడు ముట్టుకుంటే తప్పని పాఠం చెబుతున్నాడని ఇంటావిడ నవ్వేది.

గదిలో గుర్రపు జీనులు, సైనికుల బూట్లు, పాత పుస్తకాల అట్టలు ఉన్నాయి. ఓ మూల గాజుపెట్టెలో తిత్తి ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆయన తండ్రి చేతి కుట్టు ఇక ఎక్కడా లేదు, అదొక్కటే మిగిలింది. ఇంట్లో ఉంటే ఎలుకల పాలవుతుందని ఆయనే తెచ్చి ఇచ్చాడు.

ఎలుకలు రాలేదు గానీ, పెట్టెలో దీపాల వేడి దాన్ని పీల్చేసింది. ముందు మెరుపు పోయింది. తర్వాత మెడ దగ్గర సన్నటి గీతలు పడ్డాయి. చూడవచ్చినవాళ్ల కంటికి అవి ఆనవు. ఆయనకు మాత్రం తన ఒంటిమీద పడ్డట్టే ఉండేది. మ్యూజియం నడిపే మేడంకి చెప్పాడు. ఆవిడ కసురుకునే మనిషి కాదు. వచ్చి, వంగి చూసి, ఒక దీపం ఆర్పించింది. బాగుచేసే నిపుణుడికి కబురు పెట్టానని, అందాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దని చెప్పింది. నిపుణుడు రాలేదు. గీతలు కుట్టు దాకా పాకాయి.

ఆయనకు ముద్ద దిగడం మానేసింది.

"మీ నాన్న పోయినప్పుడు కూడా నువ్వింత కుంగలేదయ్యా," అంది ఇంటావిడ.

"అప్పుడు ఆ తిత్తన్నా ఉంది కదే," అన్నాడు.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. తిత్తి ఎండితే ఆముదం పట్టించి, నీళ్లు నింపి వేలాడదీస్తారు. పోస్తే మెడదాకా పొయ్యాలి. సగం పోస్తే మడత పడ్డచోట పగులుతుంది. చెవిలో ఇల్లు కట్టుకుని తండ్రి పోరిన మాట అది.

సెలవు రోజున, గదులు తుడిచే ఆమెతో పాటు లోపలికి వెళ్లాడు. దుమ్ము దులపడానికని పెట్టె తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

"మేడం చూసిందంటే నీ తోలు తీస్తుంది, అన్నా," అందామె.

"తియ్యనీలే. అదన్నా ఎవరికైనా పనికొస్తుంది."

ఆముదం పట్టిస్తుంటే తోలు తాగేసింది. పాత రంగు కాస్త తిరిగొచ్చింది. ఆయన ముఖం విప్పారింది. ఆమె బకెట్టు పట్టుకుంటే మగ్గుతో నీళ్లు పోశాడు. తిత్తి ఒళ్లు విరుచుకున్నట్టు పొంగింది. సగమయ్యాక ఇక చాలేమో అందామె. చాలదన్నాడు. మెడదాకా పోశాడు.

అడుగున కుట్టు ఒకటి జారింది. దాని వెంట పక్కది. తిత్తి నిలువునా చీలి, నీళ్లన్నీ వాళ్ల కాళ్లమీదుగా గదంతా పారాయి. దారం లోలోపల ఎప్పుడో పుచ్చిపోయింది. వాడుకలో ఉన్న తిత్తులే ఆయనకు తెలుసు. ఇన్నేళ్లు నీటిచుక్క చూడకుండా వేలాడిన తిత్తి వాళ్ల వంశంలో ఎవరికీ ఎదురుపడలేదు.

మర్నాడు మేడం ఆ చీలికను చాలాసేపు చూసింది.

"మళ్లీ కుట్టగలవా?"

ఆయన ఇంటినుంచి తోలు కుట్టే ఆరె తెచ్చాడు. ఆ సూదిమొన దిగిన చోటల్లా తోలు పెళ్లలుగా రాలింది.

"అవదమ్మా."

"ఇంకెవరన్నా ఉన్నారా, కుట్టేవాళ్లు?"

"నేనే ఆఖరు."

మేడం ఆయన్ని పనిలోంచి తీసెయ్యలేదు. తీసేసి ఉంటే హాయిగా ఉండేదని ఇంటావిడతో అన్నాడు. ఈసారి ఆవిడ నవ్వలేదు. ముక్కలను అట్టపెట్టెలో సర్ది కింది గదిలో పెట్టించారు. ఫోటో చూసి మిషన్ మీద కొత్త తిత్తి కుట్టించి, పాతదిగా కనబడేలా రంగు పూసి, గాజుపెట్టెలో తగిలించారు.

ఓ రోజు ఒకాయన దానిముందు నిలబడి, కుట్టు ఎంత సమంగా ఉందో అని మెచ్చుకున్నాడు. ఇంత పని చేతులతో ఎలా చేసేవారని తిత్తులాయన్ని అడిగాడు.

"ఏమో సార్," అన్నాడాయన. "నాకు తెలీదు."