జంగయ్య ముఖంలోని మచ్చలు

1998 వేసవి. మహబూబ్‌నగర్‌లో స్టేషన్ రోడ్డు మీద మా ఫోటో స్టూడియో. మా అబ్బా, అంటే మా నాన్న ఉన్న కాలంలో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు, ముడతలు దిద్దేవాళ్లం. ఒక్కో ముఖానికి గంట పట్టేది. ఆ ఏడాదే నేను కంప్యూటర్, స్కానర్ కొన్నాను. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ‘బ్లర్’ అని ఒకటి ఉంటుంది. చర్మంలోని గరుకుదనాన్ని అలికినట్టు నున్నగా చేస్తుంది. కళ్ల దగ్గర, పెదవుల దగ్గర మాత్రం ఆ నునుపును చెరిపేసి గీతలు స్పష్టంగా నిలపాలి. పనితనమంతా అక్కడే. పెళ్లికూతుళ్ల ఫోటోలతో నాకు మంచి పేరొచ్చింది. ఆ పేరు కొంచెం తలకెక్కింది కూడా.

ఒకరోజు పొద్దున బాలమణి అనే ఆమె వచ్చింది. హైదరాబాద్‌లో కట్టుబడి పనులకు పోయి తిరిగొస్తున్న మనిషి. కొంగు ముడి విప్పి ఒక పెళ్లి ఫోటో తీసింది. పదిమంది నిలబడ్డ గుంపులో చివరి మనిషి మీద వేలు పెట్టింది.

“మా అన్న, జంగయ్య. పుట్టు చెవుడు, మాట రాదు. షాద్‌నగర్ల నీళ్లకని రైలు దిగిండు. రైలు కూత ఇనవడలే. నేను ముంగటి టేషన్ల దిగి ఎన్కకు వొయ్యేసరికి లేడు. గీ ముఖం ఒక్కటే పెద్దగ చేసియ్యి భాయ్, ఊరూర చూపెట్టుకుంట దేవులాడుత.”

ఆ ముఖం గోరంత ఉంది. స్కాన్ చేసి పెద్దది చేస్తే గుల్లగుల్లగా కనిపించింది. అలవాటు కొద్దీ బ్లర్ వేశాను. ముఖం నున్నబడింది. ఫోటో పాడవడం వల్ల వచ్చిన గరుకేదో, మనిషి ముఖంలోదేదో నేను చూడలేదు. అడగనూ లేదు. బాలమణి స్క్రీన్‌నూ పెళ్లి ఫోటోనూ మార్చి మార్చి చూసింది.

“మంచిగున్నడు,” అంది చివరికి.

మెచ్చుకుందనుకున్నాను. ప్రింటు తీసి, జిరాక్స్ కాపీలు కూడా చేయించి ఇచ్చాను.

పది రోజులకు మళ్లీ వచ్చింది. కాళ్లకు మోకాళ్లదాకా దుమ్ము.

“ఒక్కరు గూడ గుర్తువట్టలే భాయ్. టేషన్ కాడ చాయ్ హోటలాయన కాయితం చూసి, గీ మనిషిని చూడలేదన్నడు. ముఖం నిండ అమ్మవారు పోసిన మచ్చలుంటయని నేను నోటితోటి చెప్పిన. ‘గసోంటాయన మొన్న గీడ బన్ను తిని పోయిండు. గని గీ ఫోటోల ఉన్నాయన కాదు’ అన్నడు.”

ఆమె చేతిలోని కాగితం తీసుకుని చూశాను.

“మచ్చలు ఏడవోయినయ్?”

“నేనే తీసేసినమ్మా. అందంగ ఉంటదని.”

“నాడే నాకు అనుమానమొచ్చింది. కంప్యూటర్ల గట్లనే కనవడతదేమో అనుకున్న.” ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. “మచ్చలు తీసేస్తే మా అన్ననెట్ల గుర్తువడ్తరు భాయ్?”

దిద్దిన దాన్నే సేవ్ చేసుకున్నాను, అసలు స్కాన్ మిగలలేదు. పెళ్లి ఫోటోను మళ్లీ స్కానర్ మీద పెట్టాను. ఈసారి బ్లర్ జోలికి పోకుండా, ‘షార్పెన్’ చేశాను. అంటే వెలుగునీడల అంచులను పదును చేయడం. చెంపల మీద, ముక్కు మీద స్ఫోటకం గుంటలు ఒక్కొక్కటే తేలాయి. బాలమణి స్క్రీన్ మీదికి వంగి, “గీయనే. గీయనే మా అన్న,” అని ఏడ్చింది.

షట్టర్ దించి ఆమెతోపాటు నేనూ షాద్‌నగర్ బస్సెక్కాను. చాయ్ హోటలాయన కొత్త కాగితం చూడగానే, “ఔ, గీయనే!” అన్నాడు. దుకాణం దుకాణం చూపించుకుంటూ పోతే, మార్కెట్ యార్డులో ఒక హమాలీ వేలు చాపి చూపించాడు. జంగయ్య అక్కడే బస్తాలు మోస్తున్నాడు.

చెల్లెల్ని చూసి బస్తా కింద పడేశాడు. రైలు పోయిన దిక్కుకు చెయ్యి చూపిస్తూ గొంతులోంచి పెద్దగా శబ్దం చేశాడు. నన్నొదిలి ఎక్కడికి పోయావని ఆమెనే నిలదీస్తున్నాడు! బాలమణి ఏడుస్తూనే నవ్వింది. ఆయన చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కేదాకా వదల్లేదు.

దసరా ముందర ఇద్దరూ స్టూడియోకు వచ్చారు, ఫోటో దిగడానికి. బుద్ధి వచ్చింది కాబట్టి నేను దేన్నీ ముట్టుకోలేదు, ఉన్నదున్నట్టు స్క్రీన్ మీద చూపించాను. జంగయ్య తన ముఖాన్ని చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత చెంప మీద అరచెయ్యి పెట్టి తుడిచినట్టు సైగ చేశాడు. మచ్చలు తీసెయ్యమని! నాకు అర్థం కాలేదనుకుని ఇంకోసారి తుడిచి చూపించాడు.

రెండు ప్రింట్లు తీశాను. నున్నటిది ఆయన తీసుకుని జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. మచ్చలున్నది బాలమణి కొంగులో ముడేసుకుంది.

ఆనాటి నుంచి ఎవరి ఫోటో దిద్దాలన్నా ముందు రెండు మాటలు అడుగుతాను. ఇది ఎవరు చూసుకోవడానికి, ఎందుకు చూసుకోవడానికి? ఆ జవాబు వచ్చాకే మౌస్ మీద చెయ్యి వేస్తాను.