అవతలి గట్టు లేని వంతెన

ప్రపంచంలో మనుషుల్ని భయపెట్టే వంతెనలన్నీ ఒకచోట చేరి సభ పెట్టుకుంటే, అధ్యక్షురాలిగా పిలవాల్సింది మా నాయనమ్మ కోటిరత్నాన్నే. చైనా గాజు వంతెన ఆమెకు కుర్చీ వేయాలి. పెరూ గడ్డి వంతెన మంచినీళ్ళు అందించాలి. పాకిస్తాన్‌లో పలకకీ పలకకీ మధ్య మనిషి జారిపోయేంత సందులున్న వంతెన ఒకటుంది, అది పక్కన నిలబడి విసనకర్ర విసరాలి. వాటిని జనం జన్మలో ఒక్కసారి దాటి, ఫొటో దిగి, ఇంటికొచ్చి పదేళ్ళు చెప్పుకుంటారు. మా నాయనమ్మ యాభై రెండేళ్ళుగా రోజుకు నాలుగుసార్లు మా వాగు మీద తాటిదుంగ దాటుతోంది. ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు. అది చెప్పుకోవాల్సిన విషయమని ఆమెకు తెలియదు. తెలిసినదాన్ని నేనున్నాను కాబట్టి నేను చెబుతున్నాను.

మాది దర్శి దగ్గర నల్లరేగడి ఊరు. ఊరికీ మా మిరపచేనుకీ మధ్య ఒక వాగు. ఎండాకాలం దాన్ని కోళ్ళు కూడా లెక్కచేయవు. వానలు పడితే మాత్రం ఎర్రగా, గట్లు కోసుకుంటూ వస్తుంది. దాని మీద తాటిదుంగ ఉంది. నిలువునా చీల్చి, చదునైన వైపు పైకి తిప్పి పడేశారు. ఇరవై అడుగుల పొడవు, జానెడున్నర వెడల్పు, కింద నిలువున్నర లోతు. పట్టుకోవడానికి గాలి తప్ప ఏమీ లేదు. అది వద్దనుకున్నవాళ్ళు రోడ్డెక్కి, చప్టా దాటి, మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి చేనుకు చేరాలి. నేను ఎప్పుడూ చప్టా మీదుగానే వెళ్తాను. అది వేరే సంగతి, దాని గురించి ఇక్కడ రాయను.

నాయనమ్మ పుట్టిల్లు వాడరేవు దగ్గర ఇసక ఊరు. అక్కడ సముద్రం ఉంది గానీ వాగుల్లేవు, దుంగల్లేవు. కాపురానికి వచ్చిన మూడో రోజే వాళ్ళ అత్తగారు నెత్తిన అన్నాల గంప పెట్టి, కూలీలు ఎదురుచూస్తున్నారు పొమ్మని దుంగ చూపించిందట. అప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్ళు. ఎలా దాటావని నేను చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ ఒకటే సమాధానం. గంప పడిపోతే అత్త ఏమంటుందోనన్న భయంలో, తను పడిపోతానన్న భయం గుర్తుకు రాలేదట.

ఆ రోజు నుంచి ఆ దుంగ మీద ఆమె మోయనిది లేదు. మిరపకాయల గోతాలు, గడ్డిమోపులు, మందు డబ్బాలు, నులకమంచం, అప్పుడే ఈనిన మేకనూ దాని పిల్లనూ కలిపి. మా నాన్న అంకమ్మరావుకు మూడేళ్ళప్పుడు గవదబిళ్ళలు లేస్తే ఆయన్ని కూడా. మేకే నయం, అరవలేదు అంటుంది.

ఒకసారి మిరపకు తామరపురుగు పట్టిందంటే చూడటానికి ఒక ఆఫీసరు వచ్చాడు. బూట్లు వేసుకుని దర్జాగా దుంగ ఎక్కి, సగం దూరం పోయాక కిందకి చూశాడు. అంతే, అక్కడే గుర్రం మీద కూర్చున్నట్టు అటో కాలూ ఇటో కాలూ వేసి కూలబడ్డాడు. ముందుకూ రాడు, వెనక్కీ పోడు. నాయనమ్మ నెత్తిన గోతంతో అవతలి నుంచి వచ్చింది. ఆయన ఎదురుగా ఆగి, మర్యాదగా, మీరు లేస్తారా అండీ, మిమ్మల్ని దాటుకుని పొమ్మంటారా అని అడిగింది. చివరికి ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే జరుగుతూ, ఈమె వెనకాలే అదిలిస్తూ, ఇద్దరూ ఇవతలి గట్టుకు వచ్చారు. పురుగును ఆయన ఇవతలి నుంచే పరీక్షించి వెళ్ళాడు.

ఇంటర్‌లో లెక్కలూ నేనూ విడిపోయాక నాకు బోలెడంత తీరిక దొరికింది. ఫోన్‌లో ఈ భయం వంతెనల వీడియోలు చూడటం అప్పుడే మొదలైంది. నాయనమ్మను కూడా ఒకసారి భయపెట్టి చూడాలని నా కోరిక. పెరూలో ఊళ్ళవాళ్ళంతా కలిసి ఏటా గడ్డితో తాళ్ళు పేని లోయ మీద వంతెన కట్టుకుంటారని చూపించాను. ఆమె లోయను చూడనే లేదు. వాళ్ళ చేతులు చూసింది. పేనడం బాగుందని మెచ్చుకుంది. పాకిస్తాన్ వంతెన చూపిస్తే, మధ్య పలకలు పొయ్యిలోకి ఎవరు ఎత్తుకుపోయారని అడిగింది. ప్రతి వంతెనకూ ఆమె ప్రశ్న ఒకటే ఉండేది.

"అవతల ఎవరి చేను?"

పాకిస్తాన్‌లో అవతల ఆ ఊరివాళ్ళ పొలాలున్నాయట అంటే, అయితే సరే అంది. ఐర్లండులో సముద్రం మీద తాళ్ళ వంతెన, ఒకప్పుడు చేపలవాళ్ళు కట్టుకున్నది అంటే, వాడరేవు పిల్ల కదా, చేప కోసం ఎంత దూరమైనా దాటొచ్చని తీర్పు చెప్పింది. చైనా గాజు వంతెన దగ్గరికి వచ్చేసరికి నేను ఇరుక్కుపోయాను. అవతల చేనూ లేదు, చేపా లేదు. ఆ చివరిదాకా వెళ్ళి, కిందకి చూసి, కేకలు పెట్టి, తిరిగి వస్తారని చెప్పాను. ఆమె ఫోన్ నా ఒళ్ళో పెట్టి, గేదెకు కుడితి పెట్టడానికి వెళ్ళిపోయింది.

పోయిన కార్తీకంలో నాయనమ్మ దుంగ మీద నుంచి పడింది. యాభై రెండేళ్ళలో అదే మొదటిసారి. వాగులో మోకాలిలోతు నీళ్ళూ బురదా ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మోకాలు వాచింది, నడుం పట్టేసింది, పదిహేను రోజులు మంచం మీద ఉంది. మంచం మీద ఉండి ఆమె చేసిన గోల గురించి రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది.

నాన్న మాత్రం భయపడిపోయాడు. డెబ్బై ఏళ్ళ మనిషికి ఇక దుంగ వద్దన్నాడు. చేను చూడాలనిపిస్తే చెప్పమన్నాడు, బండి మీద చప్టా మీదుగా తీసుకెళ్తానన్నాడు. ఆమె వినే మనిషి కాదని ఆయనకూ తెలుసు. అందుకని దుంగనే తీసేయాలని, ట్రాక్టరు జాన్ బాషాను గొలుసు తెమ్మని పిలిపించాడు. జాన్ బాషా వచ్చేసరికి నాయనమ్మ కుంటుకుంటూ వెళ్ళి దుంగ చివర కూర్చుని ఉంది. అతను, మామ్మ లేచినప్పుడు ఫోన్ చెయ్యన్నా అని నాన్నకు చెప్పి, ట్రాక్టరు తిప్పుకుని పోయాడు.

అప్పుడు నాన్న ఆమె పక్కన గట్టు మీద కూర్చుని చాలాసేపు బతిమాలాడు. ఆమె వాగులోకి చూస్తూ ఒక్క మాట అంది.

"ఎవరో బండెక్కించుకుంటే పోయే చేను నాదెట్టా అవుద్దిరా?"

నాన్న గొలుసు మాట మాత్రం మానలేదు. సంక్రాంతి వెళ్ళాక తీయిస్తానన్నాడు.

ఈలోగా సింహాచలం మొక్కు తీర్చుకోవడానికి ముగ్గురం విశాఖపట్నం వెళ్ళాం. అక్కడ సముద్రం పక్కన ఇంకో కొండమీద గాజు వంతెన ఒకటుందని నాకు తెలుసు. రైల్లోనే నాన్నతో పందెం వేశాను. నాయనమ్మ ఆ గాజు మీద చివరిదాకా నడిచి వస్తే దుంగ జోలికి రాకూడదు. నడవలేకపోతే దుంగ తీయించుకోవచ్చు, నాయనమ్మను ఒప్పించే పూచీ నాది. నా మాట పూర్తి కాకముందే నాన్న సరే అన్నాడు. నాయనమ్మ కిటికీలోంచి చూస్తూ, గాజే కదా, జారకపోతే చాలు అంది.

కొండెక్కి చూస్తే ఆ వంతెన సంగతి నేననుకున్నట్టు లేదు. కొండ అంచు నుంచి బయలుదేరి గాల్లోకి కొంత దూరం పోయి ఆగిపోయింది. కింద లోయ, ఆ కింద సముద్రం. నాయనమ్మ అటు చూసింది, ఇటు చూసింది. మా మండలంలో ఒక పెద్ద వంతెన స్తంభాల దగ్గరే ఏళ్ళ తరబడి ఆగిపోయి ఉంది. ఇదీ అలాంటిదే అనుకుంది. గేటు దగ్గర నిలబడ్డ కాపలా మనిషిని జాలిగా అడిగింది.

"మధ్యలో ఆపేశారేం నాయనా? కంట్రాక్టరు పారిపోయాడా?"

అతను నవ్వి, ఇంతేనమ్మా, అవతలి గట్టు ఉండదు, చివరిదాకా వెళ్ళి వెనక్కి రావడమే అన్నాడు. అవతలి గట్టు లేని దాన్ని వంతెనని ఎందుకంటున్నారని నాయనమ్మ అడిగింది. అది మాత్రం నన్నడిగినా నాకు తెలియదు.

కాళ్ళకు తొడుక్కోవడానికి గుడ్డ సంచులిచ్చారు. నాయనమ్మ మాత్రం మిరపకల్లంలోకి వెళ్ళేటప్పుడు విడిచినట్టు చెప్పులు గేటు బయటే విడిచి, ఆ సంచులు తొడుక్కుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, గాజు మీద ఒక కాలు పెట్టింది. రెండో కాలు రాలేదు.

ముందు నేను నవ్వాను. తర్వాత ఆమె చేయి చూశాను. కడ్డీని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. మా వెనక ఎవరో పిల్లలు కేరింతలు కొడుతూ దాటిపోయారు. నేను ముందుకు పోయి రమ్మని చేతులు చాపాను, పెరూ అన్నాను, చైనా అన్నాను. ఆమె కదల్లేదు. నాన్న మొహంలో గెలిచిన సంతోషం లేదు. ఇక చాల్లేమ్మా రా అని మెల్లగా చేయి పట్టుకోబోయాడు. దుంగ పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు నాయనమ్మ నా వైపు తిరిగి, ఎవరికీ వినపడకుండా అంది.

"నెత్తిన ఏమన్నా పెట్టవే. ఊరికే నడవాలంటే కాలు ఆడట్లా."

నాకు ఒక్కసారిగా కార్తీకంలో ఆమె పడిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు నాన్న, వాళ్ళమ్మకు శ్రమ ఎందుకని, చేనులో ఓ పక్క వేసిన పత్తి ఏరిన మూటలన్నీ బండి మీద వేసుకుని చప్టా మీదుగా తీసుకెళ్ళాడు. నాయనమ్మ చేతులూపుకుంటూ వచ్చింది. యాభై రెండేళ్ళలో నెత్తి మీద ఏమీ లేకుండా దుంగ ఎక్కడం ఆమెకు అదే మొదలు. మంచం మీద ఉన్నప్పుడు, బరువు లేకే పడ్డానని ఆమె పదిసార్లు చెప్పింది. మేం అందరం మోకాలికి నూనె రాస్తూ ఊ కొట్టాం.

నా బ్యాగు పెడదామంటే లగేజీ లోపలికి వద్దన్నాడు కాపలా మనిషి. ఆయన పక్కన సగం ఖాళీ అయిన నీళ్ళ టిన్ను ఉంది. అది ఎవరికని అడిగాను. వంతెన చివర పొద్దుటి నుంచి ఎండలో నిలబడి జనాన్ని అదుపు చేసే నజ్మీన్ అనే అమ్మాయికట, ఇప్పుడు తీసుకెళ్ళి ఇవ్వాలట. మా లగేజీ అయితే వద్దుగానీ మీ నీళ్ళు లగేజీ కాదుగా అండీ అన్నాను. ఆయన నన్ను చూశాడు, నాయనమ్మను చూశాడు, తను చేయాల్సిన పని ఒకటి తగ్గుతోందని కూడా చూసుకున్నాడు.

నాయనమ్మ కొంగు చుట్టి నెత్తిన చుట్టకుదురు పెట్టుకుంది. నాన్నే టిన్ను ఎత్తి పెట్టాడు. మెడ నిటారుగా అయింది. చూపు కింద లోయ మీద నుంచి లేచి ఎదురుగా నజ్మీన్ మీద నిలిచింది. ఇక నడక చూడాలి. ఒక చేయి టిన్ను మీద, రెండో చేయి ఊపుకుంటూ, అడ్డమొచ్చిన వాళ్ళను జరగండి జరగండి అని గద్దిస్తూ, మా ఊరి గట్టు మీద పోయినట్టే పోయింది. ఫొటోలు దిగుతున్నవాళ్ళంతా ఫోన్లు ఆమె వైపు తిప్పారు. నజ్మీన్ పరుగున వచ్చి టిన్ను దించుకుంది. నాయనమ్మ వెంటనే ఖాళీ టిన్నేమన్నా ఉంటే ఇవ్వమ్మా, తిరిగి పోవాలి అంది. పాత టిన్ను ఖాళీగా ఉంటే సగం నీళ్ళు అందులో పోయించి, అది నెత్తిన పెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర దించి, కాపలా మనిషితో, మీ వంతెన బాగానే ఉంది నాయనా, అవతల ఆ పిల్ల ఉండబట్టి సరిపోయింది అంది.

కొండ దిగేటప్పుడు నాయనమ్మ చెప్పులు గేటు దగ్గరే మర్చిపోయిందని వెనక్కి వెళ్ళి తెచ్చింది నాన్నే. ఆమె కాళ్ళకు తొడుగుతూ, ఆ రోజు మూటలు నేను తీసుకుపోకుండా ఉండాల్సింది కదమ్మా అన్నాడు. నీకు ఇప్పుడు తెలిసిందా అన్నట్టు ఆమె ఆయన నెత్తిన ఒకటి మొట్టింది.

దుంగ ఉంది. నాన్న దాని పక్కన రెండు గుంజలు పాతి, పట్టుకోవడానికి తాడు కట్టాడు. నాయనమ్మ ఆ తాడు మీద తువ్వాలు ఆరేస్తుంది. మిరప కోతలు మొదలయ్యాయి. నాన్న గోతాలన్నీ బండి మీదే వేసుకుంటాడు గానీ, ఒక్కటి మాత్రం గట్టున మర్చిపోతాడు. చిన్నది, సగమే నిండినది. రోజూ అదే మర్చిపోతాడు.

నిన్న చేని పక్కన కల్లంలో నాయనమ్మ ఎర్రకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతుంటే, పక్కన కూర్చుని ఇదంతా మొదటి నుంచి చదివి వినిపించాను. సభ, కుర్చీ, విసనకర్ర, ఏదీ వదల్లేదు. ఆమె చేయి ఆపకుండా విన్నది. అయిపోయాక ఎలా ఉందని అడిగాను.

"దుంగ దాటలేని దానివి, పెరూ సంగతి నీకెందుకే? లే. ఆ తాలుకాయల గోతం నెత్తినెట్టుకుని నా ముందు నడువు."