నంబరు లేని వెయిటింగ్ లిస్టు

మొన్న మా అన్నయ్య కూతురు విశాఖపట్నం వెళ్ళడానికి ఫోన్లో టికెట్టు తీసుకుంటూ, వెయిటింగ్ లిస్టు నంబరు పక్కనే అది ఖాయమయ్యే అవకాశం నూటికి ఎంతో పచ్చటి అంకెల్లో కనిపిస్తుంటే, ఆ ఫోను నా ముందు పెట్టి "టెన్షన్ లేదత్తా, పక్కా అయిపోద్ది, యాప్ చెప్తోంది కదా" అంది. నేను కళ్ళజోడు సవరించుకుని చూసి, సరేనమ్మా అన్నాను గానీ, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏం చేయడానికి వచ్చానో మరిచిపోయి కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ మాట చెప్పడానికి ఒకప్పుడు మా ఇంట్లో ఒక మనిషి ఉండేవారు.

మా నాన్న రాయపూర్ స్టేషన్లో రిజర్వేషన్ క్లర్కు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పట్టాల పనికి ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోవడంతో, మేము ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ మాట్లాడుకుంటూ పెరిగాం. రైల్వే కాలనీలోని తెలుగువాళ్ళకి వేసవి సెలవులు వచ్చాయన్నా, ఊళ్ళో పెళ్ళి కుదిరిందన్నా మా వరండాయే దిక్కు. చేతిలో టికెట్టు పట్టుకుని వచ్చి నిలబడేవారు. నాన్న నంబరు చూసి, తేదీ అడిగి, ఏ బండో అడిగి, ఇంటి దూలం వైపు ఒకసారి చూసి, తాతగారి శ్రీకాకుళం యాసలోనే "ముహూర్తాలు నేవు కదా, అయిపోద్ది, బట్టలు సర్దుకో" అనేవారు, లేదా "ఇది అవదు గానీ బస్సు చూసుకో" అనేవారు. ఆయన అవుతుందన్నది అయి తీరేది. ఇంట్లో గ్యాసు బండ తెప్పించడం చేతకాని మనిషి ఊళ్ళో అందరికీ బెర్తులు ఇప్పిస్తాడని అమ్మ ఎగతాళి చేసేది గానీ, చేసేటప్పుడు ఆవిడ ముఖంలో గర్వమే ఉండేది.

కొత్త రాష్ట్రం వచ్చి రాయపూర్ రాజధాని అయిన కొత్తలో నేను ఒక ఇనుము వ్యాపారి ఆఫీసులో చేరాను. విదేశాల్లో సరుకు కొనేవాళ్ళకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం నా పని. దుబాయ్, చిట్టగాంగ్, మొంబాసా అని రోజూ టైపు చేస్తూ చేస్తూ, ఈ ఉత్తరాలు చేరే చోట, బేరం ఆడే బల్లకి అవతలివైపు నేనెందుకు కూర్చోకూడదనే ఆశ ఎప్పుడు పుట్టిందో తెలియదు గానీ, పుట్టాక మాత్రం నిద్రపోనివ్వలేదు. బయటి దేశంలో బిజినెస్ చదువు చదవాలి, నాలుగు దేశాలు తిరిగే ఉద్యోగం చేయాలి అన్నది ఒక్కటే మనసులో ఉండేది. మన వయసువాళ్ళకి ఆ రోజుల ఇంటర్నెట్ కేఫ్‌లు గుర్తుండే ఉంటాయి, చెక్క గదులు, తిరుగుతూ చప్పుడు చేసే ఫ్యాను, పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగే పేజీ. దేవేంద్ర నగర్లో అలాంటి ఒకచోట కూర్చునే నేను దరఖాస్తులన్నీ పంపాను, ఆఫీసు ఫోన్లోనే ఇంటర్వ్యూలు ఇచ్చాను.

చివరికి ఇంగ్లండు నుంచి రెండు జవాబులు వచ్చాయి. రెండుచోట్లా ఫీజుకి సాయం దొరికే ఏర్పాటు ఉంది కాబట్టి ఆ బెంగ లేదు. ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళోని కళాశాల సీటు ఇచ్చేశామంది. నేను నిజంగా కోరుకున్న లండన్ కళాశాల మాత్రం నన్ను వెయిటింగ్ లిస్టులో పెట్టామంది. ఆ మాట చెప్పగానే అమ్మ ముఖం వాడిపోయింది గానీ, నాన్న ముఖం వెలిగిపోయింది. ఇంతకాలం నా చదువు సంగతి ఏం మాట్లాడాలో తెలియక పక్కన నిలబడ్డ మనిషికి, తన సొంత విద్య పనికొచ్చే రోజు వచ్చింది కదా. మొదట అడిగింది నంబరు.

నంబరు చెప్పలేదన్నాను. అడగమన్నారు. మెయిల్ రాసి అడిగితే, మా జాబితాకి వరుస అంటూ ఉండదు, ఖాళీని బట్టి అప్పటికప్పుడు చూసుకుంటాం అని మర్యాదగా జవాబు వచ్చింది. నాన్న ఆ కాగితం నాచేత మళ్ళీ చదివించుకుని, "నంబరు నేకుండా వెయిటింగేటమ్మా? ముందెవడు, వెనకెవడు? మరి కేన్సిల్ అయితే ఎవడు జరుగుతాడు?" అన్నారు. చివరికి ఆయనే, వాళ్ళు బయటికి చెప్పరంతే, లోపల నంబరు ఉండే ఉంటుందని తేల్చేశారు.

చిన్న కళాశాలకి వస్తాననో రాననో చెప్పవలసిన గడువు దగ్గర పడింది. వాళ్ళకి వస్తానని మాట ఇస్తే ఇటు లండన్ జాబితాలోంచి పేరు తీసేసుకోవాలి. నాన్న ఈ సంగతి కౌంటర్లో తోటివాళ్ళ ముందు పెట్టారు. వాళ్ళంతా చర్చించి, సెలవులు ముగిసే ముందు జనం టికెట్లు మార్చుకుంటారు, ఒక్కొక్కడు నాలుగు కాలేజీల్లో సీటు పట్టుకుని ఉంటాడు, అన్నీ ఒక్కసారిగా రద్దు చేసుకుంటారు, ఇది తప్పకుండా అవుతుంది అని ఒకే మాట మీద నిలిచారు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆ మాటల్లో తప్పేమిటో నాకు తోచలేదు, తోచి ఉన్నా కాదనే ధైర్యం లేదు. నాన్న నావైపు చూసి, "అయిపోద్ది తల్లీ, బట్టలు సర్దుకో" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట తప్పడం నేను చూడలేదు. చిన్న కళాశాలకి రానని రాసేశాను.

అమ్మ ఆ పాటికే, చలికాలంలో స్వెటర్లు అమ్మడానికి వచ్చే టిబెట్ వాళ్ళ దగ్గర కొన్న మందపాటి కోటు తీసి వరండాలో ఎండబెట్టడం మొదలుపెట్టింది. నేను ఆఫీసు అయ్యాక రోజూ దేవేంద్ర నగర్ వెళ్ళడం, మెయిల్ తెరవడం, ఏమీ లేదని చూసి ఇంటికి రావడం. గుమ్మంలో నాన్న నా చెప్పుల చప్పుడు విని తెలుసుకున్నట్టు లోపలికి వెళ్ళిపోయేవారు. ఉన్నట్టుండి ఒకరోజు ఒక పెద్ద రైల్వే అధికారిని పట్టుకుని, ఎమర్జెన్సీ కోటా బెర్తుల కోసం ఇచ్చినట్టుగానే ఒక సిఫారసు లేఖ రాయించి తెచ్చారు. ఈమె మా సిబ్బంది కుమార్తె, దయచేసి ఒక సీటు కేటాయించగలరు అని, రైల్వే ముద్రతో. అది అక్కడ పనికిరాదని నాకు తెలుసు. కానీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ అధికారి గది బయట పొద్దంతా నిలబడి తెచ్చిన మనిషికి ఆ మాట ఎలా చెప్పను? మా ఆఫీసు ఫ్యాక్స్‌లో పెట్టి పంపాను. చేరినట్టు కాగితం వచ్చింది, జవాబు రాలేదు.

క్లాసులు మొదలయ్యే వారం మెయిల్ వచ్చింది. జాబితా మూసేశాం, మీ ఓపికకి కృతజ్ఞతలు అని. నేను ఏడుస్తూ స్టేషన్‌కే వెళ్ళాను. కౌంటర్ అద్దం అవతల నాన్న ఎవరికో టికెట్టు ఇస్తూ నన్ను చూశారు, నేను తల అడ్డంగా ఊపాను, ఆయన మళ్ళీ తల వంచి చిల్లర ఇచ్చారు. ఆ సాయంత్రం భోజనం క్యారేజీ తెరవకుండానే ఇంటికి తెచ్చారు. అమ్మ మూత తీసి చూసి పక్కన పెట్టింది. కాసేపటికి ఆయన నా దగ్గరికి వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి, "క్లాసులు మొదలయ్యాక ఎవడో ఒకడు రాడమ్మా. ఎక్కేసి టీటీని అడిగితే ఖాళీ బెర్త్ ఇవ్వడా? అలగ వెళ్ళి అడగడానికి అవదేటి?" అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. చాలా వచ్చింది. కానీ ఆ ప్రశ్న విన్నాక ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అవదు నాన్నా అని మాత్రం అన్నాను.

మరుసటి ఏడు మళ్ళీ ప్రయత్నించాను గానీ, ఆ సాయం నిబంధనలు మారిపోయాయి, నా వయసుకి పెళ్ళి మాటలు వచ్చాయి, ఒకటి తర్వాత ఒకటి తలుపులు మూసుకున్నాయి. అదే ఇనుము ఆఫీసులో మేనేజరునయ్యాను. ఇన్నేళ్ళుగా నా ఉత్తరాలు సముద్రాలు దాటుతూనే ఉన్నాయి, నేను మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. రాయపూర్ చలికి ఎక్కువైన ఆ కోటును అమ్మ ఏటా తీసి ఎండబెట్టి మళ్ళీ పెట్టెలో పెడుతుంది.

ఆ తర్వాత నాన్న ఎవరికీ అయిపోద్ది అని చెప్పలేదు. టికెట్టు పట్టుకుని ఎవరైనా వస్తే, చార్ట్ వేసేదాకా ఎవరికి తెలుసు, చూద్దాం అనేవారు. మెల్లగా జనం రావడం తగ్గింది, ఆయన రిటైరయ్యేసరికి టికెట్లన్నీ కౌంటర్ వదిలి ఇళ్ళలోని కంప్యూటర్లలోకి, తర్వాత ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. చివరి రోజుల్లో చాలా సంగతులు మరిచిపోయారు గానీ ఇదొక్కటి మరవలేదు. ఒక మధ్యాహ్నం నేను మందు ఇస్తుంటే, "అమ్మా, అది ఎన్నో నంబరు దగ్గర ఆగిపోయింది?" అని అడిగారు. ఏది అని నేను అడగనవసరం లేకపోయింది. జాబితాకి నంబర్లే లేవని ఎన్నోసార్లు చెప్పిన నేను, ఆ రోజు మాత్రం రెండు నాన్నా, నా ముందు ఒక్కరే ఉన్నారట అన్నాను. ఆయన దూలం వైపు చూశారు, వేళ్ళతో ఏదో లెక్కవేసుకున్నారు. "రెండా? అయితే అది అవాల్సిందేనమ్మా. ఎవడైనా అయిపోద్దనే చెప్తాడు" అని కళ్ళు మూసుకున్నారు. ఆయన ముఖం అంత తేలికపడటం ఎన్నో ఏళ్ళ తర్వాత చూశాను.

ఇప్పుడు వెయిటింగ్ టికెట్టు పట్టుకుని ఎవరి వరండాకీ వెళ్ళనక్కర్లేదు, అది అవుతుందో లేదో ఫోనే చెబుతుంది, చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. మా మేనకోడలి టికెట్టు కూడా ఖాయమయ్యే ఉంటుంది. కాకపోయినా తను ఇంకో బండి చూసుకుంటుంది, ఫోను ఇంకెవరికో ఇంకో అంకె చూపిస్తుంది. ఆ మాట తప్పినందుకు క్యారేజీ తెరవకుండా ఇంటికి తెచ్చుకునే మనిషి మాత్రం ఎక్కడా ఉండరు.