ఈశాన్యం మూల నీళ్ళు

జూలై, రెండో ఆదివారం, ఉదయం. హాజరైనవారు: నేను, మా ఆవిడ, అక్కయ్య, మేస్త్రీ. స్థలం: మారేడ్‌పల్లిలో మా ఇంటి పెరడు.

డైరీ ఇలా మొదలుపెట్టడం ఉద్యోగంలో మీటింగులు రాసి రాసి అబ్బిన అలవాటు. ఆరోజు మాత్రం నిజంగా మీటింగే. తేల్చవలసింది ఒక్కటే: అక్కయ్య తన గదిలో ఉండగలదా, లేదా.

ఆమెది కింది వాటాలో ఈశాన్యం గది. కిటికీలోంచి ప్రహరీ మీదుగా సందు కనిపిస్తుంది. కూరల బండితో బేరం, ఎదురింటావిడతో కబుర్లు, దారిన పోయే పిల్లలకు అక్షింతలు, అన్నీ అక్కణ్ణుంచే. రెండు వానాకాలాలుగా ఆ గోడకు మోకాలెత్తు చెమ్మ. అక్కయ్యకు ఆయాసం. డాక్టరు ఆ గదిలో పడుకోవద్దన్నాడు. హాల్లో మంచం వేశాం, ఆమె బీరువా కూడా అక్కడికే జరిపాం. ఈసారీ గోడ దారికి రాకపోతే పై వాటాకు మార్చాలనుకున్నాం. ఆ మోకాళ్ళతో ఒకసారి మెట్లెక్కితే మళ్ళీ దిగదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

వాన ఆగినప్పుడల్లా నేను నిలిచిన నీళ్ళ అంచు వెంట ముగ్గుపిండి చల్లేవాణ్ణి. ప్రతిసారీ ముగ్గు అక్కయ్య గోడనే ఆనుకునేది. పెరట్లో బండలు పరిపించినప్పుడు, వాస్తు ప్రకారం నీరంతా ఈశాన్యానికే పారాలని పట్టుబట్టి, నైరుతిలో మట్టి పోయించి మరీ వాలు పెట్టించింది ఆమే. అక్కడికి చేరిన నీటికి బయటికి దారి లేదు. డాబా మీది గొట్టం కూడా అక్కడే కుమ్మరిస్తుంది. అదంతా పునాదిలోకి దిగుతోంది.

"గోడకు కెమికల్ కొట్టిస్తే అయిపోతది సార్, పరేషాన్ ఎందుకు?" అన్నాడు మేస్త్రీ.

"పోయినేడు కొట్టావుగా! ఇప్పుడది అప్పడంలా లేచింది," అంది మా ఆవిడ.

"గట్లయితే బండలు తీసి వాలు మార్చాలె. నీళ్ళు పడమర గేటు దిక్కు తోలుదాం."

"పడమరకా?" అక్కయ్య కుర్చీలోంచి లేచింది. "లక్ష్మిని గేటు దాకా సాగనంపుతావా?"

"లక్ష్మి మీ మంచం కిందికొచ్చి కూర్చుంది వదినా," అంది మా ఆవిడ.

నేను నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగాను. అక్కయ్య నవ్వలేదు. కర్ర ఆనించుకుంటూ ముగ్గు గీత వెంట ఆ చివరిదాకా నడిచింది. అక్కడ నిలబడి, "ఒరేయ్, ఈ ప్రహరీ మూల కూడా ఈశాన్యమేగా?" అంది.

"అవును."

"మరింకేం! ఇక్కడ గొయ్యి తవ్వించు. నీళ్ళు ఈశాన్యానికి రావాలన్నారు గానీ నా గోడకు చేరగిలబడమనలేదు."

"జెర ముందుగాల చెప్తే రెండేండ్ల తక్లీఫ్ తప్పుతుండె కదమ్మా!"

"నువ్వు అడిగితేగా, డబ్బాలో బ్రష్షు ముంచడం తప్ప!"

మర్నాడే పని మొదలైంది. గోడ వెంట బండలు లేపి, మట్టి దిట్టంగా కొట్టి, వాలు బయటికి తిప్పారు. కాస్త ఎడంగా కాలువ తవ్వి, మట్టి చొరబడకుండా లోపల గుడ్డ పరిచి, కంకర మధ్య చిల్లుల గొట్టం పెట్టి, దాన్ని ప్రహరీ మూలన ఇంకుడు గుంతకు కలిపారు. డాబా గొట్టాన్నీ అటే మళ్ళించారు. గుంత నిండితే పొర్లిన నీళ్ళు సందు కాలువలోకి పోవడానికి ఇంకో గొట్టం. అక్కయ్య కుర్చీ పెరట్లోనే వేయించుకుని, ప్రతి బండకూ చెంబుడు నీళ్ళు పోయించి చూసింది. ఒక బండ మీద నీళ్ళు కాస్త తటపటాయించాయని దాన్ని మళ్ళీ లేపించింది కూడా.

శనివారం సాయంత్రం కుండపోత. ముగ్గురం గొడుగుల కింద నిలబడి చూశాం. బండల మీద పడిన నీళ్ళు గోడకు వీపు తిప్పి, గలగలా కంకరలోకి దూకాయి. "పోతోందిరా, పోతోంది!" అంటూ అక్కయ్య చప్పట్లు కొట్టింది. గొడుగు చేతిలోంచి జారిపోయింది. ఆయాసం మనిషిని వానలో నిలబెట్టానని మా ఆవిడ నన్ను తిట్టింది. తిడుతూ తనూ లోపలికి వెళ్ళలేదు.

మర్నాడు ఉదయం లేచేసరికి హాల్లో మంచం ఖాళీ. అక్కయ్య తన గదిలో, అరచెయ్యి గోడకు ఆనించి కూర్చుని ఉంది.

"చెమ్మ ఇంకా ఉందక్కయ్యా. ఆరడానికి నెలలు పడుతుంది," అన్నాను.

"ఉండనీ. అది పాతది. కొత్తది రావడం లేదుగా!" అంది. "ఆరేదాకా రాత్రిళ్ళు హాల్లోనే పడుకుంటాలే. మెట్ల మాట మాత్రం ఇక ఎత్తకు. నా బీరువా ఇవాళే లోపలికి జరుపు. గోడకు తగలకుండా."