ఎదుటివారి మాట ముందు

మా సార్ పోయారు. పొయ్యి మీద పాలు పెట్టి నిలబడితే ఫోన్ వచ్చింది. చిక్కడపల్లి నుంచి వాళ్లమ్మాయి. "నాయన పోయిండక్కా" అని ఆగిపోయింది. నిద్రలోనే పోయారట. నారాయణగూడలో నేను చదివిన కాలేజీలో ఆయన మాకు సివిక్స్ చెప్పారు. రిటైరయ్యాక కూడా ఆయన మమ్మల్ని వదల్లేదు, మేమూ వదల్లేదు.

ఆదివారం సాయంత్రాలు వాళ్ల ముందుగదిలో చర్చ ఉండేది. అశోక్‌నగర్‌లో కిరాయి గదుల్లో ఉండి కోచింగులకు వెళ్లే పిల్లలు, నాలాంటి పాత విద్యార్థులు, ఎవరైనా రావచ్చు. అందరూ కూర్చోగానే సార్ లేచి ఫ్యాన్ ఆపేసేవారు. మెల్లగా మాట్లాడేవాళ్ల గొంతు కూడా వినబడాలట. మేం చెమటలు తుడుచుకుంటూ విసుక్కునేవాళ్లం.

ఆయన పద్ధతి ఒకటుంది. నీ మాట చెప్పేముందు ఎదుటివారి మాట నువ్వే చెప్పాలి, అదీ వాళ్లకంటే బాగా. చెప్పి, వాళ్ల వైపు తిరిగి "అంతేనా?" అని అడగాలి. వాళ్లు "అంతే" అంటేనే నీ వంతు. ప్రత్యేక రాష్ట్రం గురించి ఊరంతా గొంతులు చించుకుంటున్న ఆ రోజుల్లో కూడా ఆ గదిలో ఎవరూ అరిచేవారు కాదు. ఆ ఉక్కపోతలో అరిచే ఓపికా ఉండేది కాదనుకోండి.

సార్ మేడమీద గది కట్టిన మేస్త్రిది మహబూబ్‌నగర్ జిల్లా. కృష్ణ నడుమ చిన్న దీవి వాళ్ల ఊరు. పుట్టిలో నది దాటి వెళ్లాలి. ఆ దీవిని ప్రత్యేక అభివృద్ధి మండలం చేస్తామని, వంతెన, హోటళ్లు వస్తాయని, ఊరివాళ్లను ఒడ్డుకు తరలిస్తామని ప్రకటన వచ్చింది. పేపర్లలో కొన్నాళ్లు అదే వాదన. మేస్త్రి తల్లి అప్పటికి ఆ దీవి మీదే పల్లి చేను చేసుకుంటోంది.

ఒక ఆదివారం అతను మెట్ల మీద నిలబడి వింటుంటే సార్ లోపలికి పిలిచారు. మండలం కావాలనేవాళ్ల మాట ముందు చెప్పమన్నారు.

"వాళ్ల మాట నేనెందుకు చెప్పాలె సార్? పొయ్యేది మా అమ్మ చేను."

"జర ఓపిక పట్టు. వాళ్ల మాట నీ నోట మంచిగ చెప్తె, నీ మాటకు వాళ్లే జవాబు ఎతుక్కుంటరు."

గొణుగుతూనే చెప్పాడు. వంతెన వస్తే కాన్పు నొప్పులతో పుట్టి ఎక్కే బాధ తప్పుతుందన్నాడు. "అంతేనా?" అని అడిగి, అప్పుడు తన మాట చెప్పాడు. "ఆ హోటల్ల మాకేం నౌకరిస్తరు? మా చేన్ల మమ్మల్నే ఊడ్వమంటరు." సార్ ముఖం వెలిగిపోయింది.

దీవి గురించి పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ సభకు రమ్మని సార్‌ను బతిమాలింది మేస్త్రే. "మేం లేస్తె కూసోమంటరు సార్. మీరు చెప్తె ఇంటరు." నేనూ వాళ్లతో బస్సులో వెళ్లాను. షామియానా నిండా దీవివాళ్లే. మైకు ఒక్కొక్కరికి కాసేపే ఇస్తున్నారు. సార్ లేచి, అలవాటు ప్రకారం, మండలం కావాలనేవాళ్ల మాటతో మొదలుపెట్టారు. వంతెన, ఆసుపత్రి, పట్నం పోయి ఇసుక గమేళాలు మోయకుండా ఇంటి దగ్గరే పని. అంత బాగా అధికారులు కూడా చెప్పలేదు. నేను వెనక నుంచి "సార్, మన మాట!" అని అరిచాను. ఆయన వినిపించుకోలేదు. వేదిక వైపు తిరిగి "అంతేనా?" అని అడిగారు.

"అంతే, అంతే! థాంక్యూ సార్" అని అధికారులు మైకు తీసేసుకున్నారు. వేదిక మీద చప్పట్లు. సార్ చెయ్యి చాపి అలాగే నిలబడిపోయారు.

దీవి అభివృద్ధికి విశ్రాంత అధ్యాపకుడి మద్దతు అని మర్నాడు పేపర్లో వచ్చింది. ఖండించమని పోట్లాడాను. "అవి నేనన్న మాటలే గద బిడ్డా" అన్నారు. నాకు ఆ మైకు గుంజుకున్నవాళ్ల మీద ఎంత కోపమో, ఈయన మీదా అంతే కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మండలానికి అనుమతి వచ్చింది. దీవి ఖాళీ అయింది. మీరు చెప్పకపోయినా వచ్చేదే సార్ అని అందరం అన్నాం. ఆయన వినేవారు, తల ఊపేవారు కాదు. ఆదివారాలు ఆగిపోయాయి. ఎప్పుడు వెళ్లినా ముందుగదిలో ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది. నేను చెప్పులు విప్పకముందే అడిగేవారు, "మేస్త్రి యాడన్న కనబడ్డడా?" అని. మేస్త్రి మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

మొన్న ఆ గదిలోనే పాతవాళ్లమంతా కలిశాం. ఎవరో లేచి ఫ్యాన్ ఆపేశారు. ఒక్కొక్కరూ మాట్లాడుతుంటే గుమ్మం దగ్గర మేస్త్రి కనిపించాడు. లోపలికి రమ్మన్నాం. తన వంతు రాగానే గోడ దగ్గర నుంచి ముందుకొచ్చాడు.

"ముందుగల సార్ మాట చెప్త. సార్ మమ్మల్ని ముంచలే. ఎదుటోళ్ల మాట గూడ ఇజ్జత్‌తోని చెప్పాలన్నడు. అది చెప్పినంక మా మాట చెప్దామనుకున్నడు. వాళ్లు గట్ల మైకు గుంజుకుంటరని ఆయనకు తెల్వదు."

అప్పుడు సార్ కూర్చునే పేము కుర్చీ వైపు తిరిగాడు.

"అంతేనా సార్?"

జవాబు వచ్చేదాకా తన మాట మొదలుపెట్టకూడదు. మేస్త్రి ఆ కుర్చీనే చూస్తూ నిలబడ్డాడు.