వేలు తీయకముందే

మొన్న ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఒక టిఫిన్ హోటల్లో, ఆర్డరు తీసుకునే తెర మీద వేలు పెట్టాను. ఇంకా తీయనే లేదు, టక్కుమని చప్పుడు. ఇడ్లీ టోకెన్ బయటికొచ్చేసింది. వెనకవాళ్ళకు అది మామూలే. నాకు మాత్రం అనసూయక్క గుర్తొచ్చింది.

అక్కది కొత్వాల్‌గూడ. శంషాబాద్‌లో టైర్ల దుకాణం పైన, నాలుగు కుర్చీల గదిలో ఫోన్లకు సరిపడే వెబ్ పేజీలు చేయించేది. నాకు పని నేర్పింది ఆమే. తయారైన పేజీని మేము మౌసుతో నొక్కి చూసి చేతులు దులుపుకునేవాళ్ళం. ఆమె తడి చేత్తో, పిండి చేత్తో, వేలికి గుడ్డపీలిక చుట్టుకుని మరీ నొక్కేది. ఆమె బొటనవేలు కనబడితే ఫోన్లు భయపడి వాటంతటవే ఆగిపోతాయని నేను ఊరంతా చెప్పుకు తిరిగాను. అందులో సగమే అబద్ధం.

ఒకసారి ప్లాట్ల వ్యాపారి ఒకాయన పని ఇచ్చాడు. రైతు ట్యాబ్‌లో తన భూమి పటం చూసి 'ఒప్పుకుంటున్నాను' అన్న బటన్ నొక్కితే అమ్మకానికి సరేనన్నట్టు. చురుగ్గా ఉండాలని, వేలు తగలగానే ఒప్పుదల నమోదయ్యేలా రాశాను.

"ఏంది తమ్మీ గిది? ముట్టుకుంటే ఇచ్చినట్టేనా?" అంది అక్క.

"జల్ది అయితది గదక్కా."

"పిల్లను చూడనీకి వచ్చినోనితోని గడపల్నే తాళి కట్టిపిస్తవా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "వేలు తీసినంకనే పని కావాలె. బటన్ మీదికెళ్లి పక్కకు జరిపి తీసిండంటే వద్దన్నట్టు. మనిషికి మనసు మార్చుకునే జాగ ఉంచాలె."

రేపు, ఎల్లుండి అనుకుంటూ వాయిదా వేశాను. ఇంతలో అక్క దవాఖానలో పడింది. చూడడానికి వెళ్తే మొదటి మాటే, "మార్చినవా తమ్మీ?"

"మార్చిన అక్కా," అన్నాను. ఆమె నా ముఖం చూడలేదు, నా వేళ్ళు చూసింది. రెండు రోజులకు పోయింది.

ఆ వారంలోనే వ్యాపారి రావిర్యాల రైతు లింగయ్యను మా గదికి తీసుకొచ్చాడు. మిట్టమధ్యాహ్నం. ఆయనకున్న రెండెకరాల పటం ముందురోజే ట్యాబ్‌లో తెరిచి పెట్టాను. దాని వెనక నా పాత కోడే ఉంది.

"నొక్కు బాపు, గంతే," అన్నాడు వ్యాపారి.

లింగయ్య బొటనవేలు బటన్‌కు తగిలింది. నమోదు కావాలి. కాలేదు. దిగుతున్న విమానం నీడ కిటికీలోంచి వచ్చి తెర మీదుగా పాకిపోయింది. ముసలాయన వేలు తీయకుండానే పటమంతా చూసి, "ఇగ వద్దు బిడ్డా, మనసొప్పుతలేదు," అంటూ వేలు పక్కకు జరిపి తీశాడు.

వ్యాపారి గొణుక్కుంటూ వెళ్ళాక కోడ్ తెరిచాను. నా పాత వరుస చెక్కుచెదరలేదు. పరీక్ష కోసం మేము ట్యాబ్‌లో ఏ వేలు ఎప్పుడు తగిలిందో, ఎప్పుడు లేచిందో రాసుకునే చిట్టా ఒకటి పెట్టుకున్నాం. అందులో లింగయ్య వేలు రెండోది. మొదటి వేలు, పొద్దున నేను గది తాళం తీయకముందు నుంచే, బటన్ పక్క ఖాళీ చోట ఆని ఉంది. ఒక వేలు తెర మీద ఉండగా రెండోదాన్ని లెక్కచేయొద్దని రాసింది నేనే. లింగయ్య వేలు తీసిన క్షణానే ఆ మొదటి వేలూ లేచింది.

కుర్చీలోంచి కదలకుండా ఆ పూటే కోడ్ మార్చాను.

ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్ళు పేజీ తెచ్చి చూపిస్తే, బటన్ మీద వేలు ఆనించి, లోలోపల పది లెక్కపెట్టి, మెల్లగా పక్కనున్న ఖాళీలోకి జరుపుతాను. ఏమీ జరగకపోతేనే సరే అంటాను. అప్పుడప్పుడు అక్కడ తెర అద్దం, ఎవరో అప్పుడే వేలు తీసినట్టు, వెచ్చగా ఉంటుంది.