గేర్‌బాక్సు విప్పాలా, వద్దా: జనగామ నుంచి మడికొండ దాకా

మా కారుకు పద్నాలుగేళ్ళు. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలికి క్లచ్ తొక్కేంత బలం లేదు కాబట్టి, ఏరికోరి సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆటోమేటిక్ బండి అది. నేను పాఠాలు చెప్పే బడి మేముండే జనగామకు పద్దెనిమిది కిలోమీటర్లు. బస్సు రోజుకు రెండుసార్లే వస్తుంది, అదీ బడి వేళకు రాదు. రెండు నెలలుగా గేరు మారేటప్పుడు ఇంజిన్ అరుస్తోంది గాని బండి కదలడం లేదు. కదిలినప్పుడేమో వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదుపు. అమ్మేద్దామంటాడు మా ఆయన రాజేందర్. అమ్మితే మళ్ళీ ఆటోమేటిక్ కొనే స్తోమత మాకు లేదు. రోజూ పొద్దున్నే ఎవరినో బతిమాలి బండెక్కాలన్న ఊహకే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకని రెండో శనివారం సెలవు చూసుకుని ఒక్కదాన్నే వరంగల్ బయలుదేరాను.

ఏడింటికి బయలుదేరి స్టేషన్ ఘన్‌పూర్‌లో టిఫిన్‌కు ఆగాను. ఇడ్లీ, చాయ్ కలిపి యాభై రూపాయలు. బండి కుదుపు చూసిన హోటలాయన అడగకుండానే హైదరాబాద్ తీసుకుపొమ్మని సలహా ఇచ్చాడు. ఇంజిన్ అరవకుండా నెమ్మదిగా నడుపుకుంటూ హనుమకొండ చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. మామూలుగా గంటన్నర లోపు దారే.

అక్కడి గ్యారేజీలో మెకానిక్ కుర్రవాడేమీ కాదు, చెయ్యి తిరిగిన మనిషే. గేర్ ఆయిల్ తెల్లగుడ్డ మీద రాసి వాసన చూపించాడు. మాడిన వాసన. లోపల గేర్లను పట్టి ఉంచే ప్లేట్లు కాలిపోయాయని, గేరు పెట్టె మొత్తం దించి కొత్తగా కట్టాల్సిందేనని చెప్పాడు. తొంభై వేలు, పన్నెండు రోజులు, ఆరు నెలల గ్యారంటీ. బండి అమ్మితే లక్షన్నర వస్తుందో రాదో. మోసం చేస్తున్నాడనిపించి ఉంటే తిట్టుకుని వెళ్ళిపోయేదాన్ని. మనిషి నిజాయితీగా కనిపించడమే నాకు చిక్కయింది.

తిరుగు దారిలో, పన్నెండు గంటలకు, మడికొండలో జానీ భాయ్ షెడ్డు దగ్గర ఆగాను. మా బడిలో లెక్కల సార్ చెప్పిన పెద్దాయన. హనుమకొండలో చెప్పిందంతా విని, ఆయన అదే ఆయిల్‌ను వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. నల్లగా ఉంది గాని ప్లేట్లు అరిగితే రాలే ఇనుప రజను లేదు, గేర్లకు ఆయిల్ పంపే భాగం పూడుకుపోయి ఉంటుందన్నాడు. శుభ్రం చేసి కొత్త ఆయిల్ పోయడానికి పద్నాలుగు వేలు, సాయంత్రానికల్లా ఇస్తానన్నాడు. గ్యారంటీ మాత్రం లేదు. ఒకే ఆయిల్, ఒకే వాసన, ఇద్దరు మనుషులు, రెండు మాటలు. డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం తింటూ ఎవరిని నమ్మాలో తెలియక నా మీద నాకే విసుగు పుట్టింది.

పని ఒప్పుకునే ముందు ఆయన ఒకసారి నన్నే నడపమని పక్క సీట్లో కూర్చున్నాడు. కాజీపేట వంతెన ఎక్కాం. దిగుడు రాగానే నా చెయ్యి న్యూట్రల్ వేసింది, కిందికి రాగానే మళ్ళీ బండి నడిచే గేరు, డీలోకి తెచ్చింది. బండి ఠక్కుమని అదిరింది. ఎందుకు వేశారని అడిగితే పెట్రోల్ మిగులుతుందని గొప్పగానే చెప్పాను. మా వైపు దిగుడు కనిపిస్తే న్యూట్రల్ వేయని డ్రైవర్ ఉండడు. బండి కొన్న మొదటి వారంలో రాజేందర్ నాకు నేర్పిన విద్య అదే.

జానీ భాయ్ నవ్వలేదు. "ఉరుకుతున్న బండిని గట్ల గేరులకు కొడితే దెబ్బంత ప్లేట్ల మీదనే పడ్తది మేడం. తొంభై వేలు పెట్టి పెట్టె కొత్తగ కట్టిచ్చినా, చెయ్యి పాతదే గద."

"అయితే ప్లేట్లు పోయినట్టేనా భాయ్?"

"పోయి ఉండొచ్చు. పోతే నేను చేసేది దండుగ. సాఫ్ జేసి ఇస్త, ఒక నెల న్యూట్రల్ ముట్టకుండ నడపుండ్రి. అప్పటికీ గేరు జారితే హనుమకొండాయనకే ఇయ్యుండ్రి."

ఆ మాటతో నా గందరగోళం తగ్గకపోగా ఇంకా పెరిగింది. రాజేందర్‌కు ఫోన్ చేసి చెప్పాను. "అంటే ఇన్నేండ్లు నేనే ఖరాబ్ చేసిననా?" అన్నాడు. బండి అమ్మే మాట మాత్రం ఆయన ఎత్తలేదు. ముందు పద్నాలుగు వేలతోనే తేల్చుకుందామని జానీ భాయ్‌కి తాళం చెవి ఇచ్చేశాను.

ఐదున్నరకు బండి చేతికొచ్చింది. గేర్లు మెత్తగానే మారాయి, ఘన్‌పూర్ దాటాక ఒక్కసారి మాత్రం ఇంజిన్ అరిచినట్టు అనిపించింది. నిజమో, నా భయమో తెలియలేదు. ప్రతి దిగుడుకూ ఎడమ చెయ్యి తనంతట తనే లేస్తుంటే తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇది రాస్తున్న రోజుకు పంతొమ్మిది రోజులైంది. నేను చేసింది తెలివైన పనో, పద్నాలుగు వేలు నీళ్ళలో పోయడమో ఇప్పటికీ చెప్పలేను. రోజూ బడికి మాత్రం నేనే నడుపుకుంటూ వెళ్తున్నాను. మీరూ ఇలాంటి బండితో బయలుదేరితే, విప్పాలా వద్దా అని అడిగే ముందు మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రోజూ నడిపే తీరులోనే నడపండి. ఆయన చూస్తున్నాడు కదా అని బాగా నడపకండి.